బుచ్చమ్మ అన్న మాటలు

2008 జూలై 14, సోమవారం

ఊరగాయ జాడీ పక్కన గాజు సీసాలో కోడిగుడ్డు కనిపించింది. మా ఇంట్లో. శనివారం ఉల్లిగడ్డ కూడా తరగని ఇంట్లో.

సీసా నిండా వెనిగర్. మధ్యలో గుడ్డు, దాని ఒంటినిండా సన్నని బుడగలు. సీసాకు కాగితం అతికించి ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టాడు: "ప్రయోగం జరుగుచున్నది. కదిలించరాదు."

అరిచాను. "ఏంది గిది? అత్తమ్మ జనగామల ఉన్నది గాబట్టి బతికినవ్. ఆమె జూస్తే నిన్ను సుత గీ సీసలనే పెట్టి మూత బిగిస్తది!"

ఆయన కోప్పడలేదు. పళ్లు తోముకుంటున్నవాడు బ్రష్ బయటికి తీసి, "ఏమన్నవ్? మల్లొకసారి అను" అన్నాడు.

"ఏంది?"

"గదే. సీసల పెట్టి మూత బిగిస్తది అంటివి గద. మొత్తం అను."

మళ్లీ అన్నాను. నోట్లో నురగతోనే నవ్వుకుంటూ పోయాడు. స్నానం చేసి, ఉప్మా సగం వదిలేసి నెట్ సెంటర్‌కు వెళ్లిపోయాడు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి స్టేషన్ రోడ్డులో జిరాక్సులు తీస్తున్నాడు కదా, ఆ చదువు ఎక్కడో ఒకచోట పొంగాలి. మా పొయ్యి మీద పొంగుతోంది.

రోజూ కాస్త రాసుకుంటే తలనొప్పి తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. థైరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నా మధ్యాహ్నమయ్యేసరికి ఒళ్లు బియ్యం బస్తాలా అవుతోంది. ఈ రోజుకు ఇంతే. కోపం లేదు. సీసాను మాత్రం జాడీ దగ్గరి నుంచి తీసి సజ్జ ఆ చివరన పెట్టాను.

జూలై 16, బుధవారం

గుడ్డు పెంకు కరిగిపోయింది. లోపలిది రబ్బరు బంతిలా ఉంది. మా అమ్మాయి భవ్య బడి నుంచి వచ్చి దాన్ని గచ్చు మీద ఎగరేసింది. మొదటిసారి ఎగిరింది. రెండోసారి ఎగరలేదు.

గచ్చు ఎవరు కడిగారో రాయనక్కరలేదు.

జూలై 24, గురువారం

ఈ రోజు కార్న్‌ఫ్లోర్. నీళ్లతో కలిపి, టేప్‌రికార్డర్ స్పీకరు మీద పళ్లెం పెట్టి అందులో పోశాడు. పాట పెద్దగా పెడితే ఆ ముద్ద లేచి వేళ్లు వేళ్లుగా గంతులు వేస్తుందట. విదేశాల్లో ఎవరో చేసి ఇంటర్‌నెట్‌లో పెట్టారట. వేసింది కూడా. భవ్య చప్పట్లు కొట్టింది. నాకూ కాసేపు బాగానే అనిపించింది, అది గోడ మీది దేవుడి క్యాలెండర్ దాకా గెంతే వరకు.

"దేవునికి సుత అన్నం తినిపిచ్చినవ్. ఇగ మీ ఇద్దరికి నేనేం వండాలె?" అన్నాను.

మళ్లీ అనమన్నాడు. ఈమధ్య రోజూ ఇంతే. నేనేమన్నా రెండుసార్లు చెప్పించుకుంటాడు. ఒకసారి చేతి మీద పెన్నుతో రాసుకున్నాడు కూడా. పెళ్లయి పదకొండేళ్లు. ఇన్నాళ్లకు నా మాట వింటున్నాడు. అరుణకు చెబితే "అదృష్టమే నీది. మా ఆయనకు నేను ఇంట్ల ఉన్న సంగతే యాదికుండది" అంది. అరుణ పక్కింట్లో ఉంటుంది, జాకెట్లు కుడుతుంది.

ద్రాక్షపండును మైక్రోవేవ్ పొయ్యిలో పెడితే మెరుపు వస్తుందట. మాకు మైక్రోవేవ్ లేదు. దేవుడున్నాడు.

ఆగస్టు 2, శనివారం

ఆయన జిరాక్స్ పొడి కోసం వరంగల్ పోయాడు. నెట్ సెంటర్‌లో నేను కూర్చున్నాను. మధ్యాహ్నం ఒకే ఒక్క పిల్ల ఉంది, డిగ్రీ చదివే సుమన. మూల కంప్యూటర్ ముందు కూర్చుని నవ్వుతోంది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని మరీ నవ్వుతోంది.

"ఏందే?" అన్నాను.

"అక్కా, జర ఇటు రా. మస్తు గమ్మతున్నది. తెలుగులనే ఉన్నది" అంది. లేచి నాకు కుర్చీ ఇచ్చింది.

పైన పెద్ద అక్షరాలతో 'పోపుల పెట్టె ప్రయోగాలు' అని ఉంది. కింద గాజు సీసాలో గుడ్డు ఫొటో. మా సజ్జ. మా జాడీ.

సుమన నా భుజం మీది నుంచి వంగి పైకి చదివింది. "'నా శ్రీమతి బుచ్చమ్మ సీసాను చూసి కెవ్వున అరిచింది. ఏంది గిది? అత్తమ్మ జూస్తే నిన్ను సుత గీ సీసలనే పెట్టి మూత బిగిస్తది! నేను వినమ్రంగా అన్నాను: ప్రియసఖీ, ఇది ఆసిటిక్ ఆమ్లపు లీల.' అక్కా, ఆ బుచ్చమ్మ ఉన్నది చూడు, కడుపు పగుల్తది."

కింద వ్యాఖ్యలు. కెవ్వు. హహహ. బుచ్చమ్మ గారి భాష అదుర్స్. ఆఫీసులో నవ్వలేక చచ్చాను. బుచ్చమ్మ డైలాగులు ఇంకా పెంచండి సార్.

"మంచిగున్నది" అన్నాను. సుమనకు ఏమీ తెలియదు. డబ్బులిచ్చి వెళ్లిపోయింది.

ఆగస్టు 3, ఆదివారం

ఏమీ లేదు.

ఆగస్టు 5, మంగళవారం

ఆయన భోజనానికి వచ్చి కునుకు తీసినప్పుడల్లా నెట్ సెంటర్‌కు నేను పోతున్నాను. అన్నీ చదివాను. గుడ్డు, పసుపు, కార్న్‌ఫ్లోర్, నా తెల్ల చీర మీద పడ్డ అయోడిన్, అన్నీ. ప్రతిదాంట్లో నేనున్నాను. ఆయన పుస్తకాల భాషలో ఉంటాడు. నేను అరుస్తుంటాను. నిజానికి ఇంట్లో ఆయనా నాలాగే మాట్లాడతాడు. బ్లాగులో మాత్రం నాకొక్కదానికే యాస ఉంది.

హన్మకొండలో డిగ్రీ చదివేటప్పుడు ఒక మేడమ్ ఉండేది. నన్ను నిలబెట్టి ఏదో ఒకటి అడిగేది. నేను 'గిట్ల' అన్నప్పుడల్లా క్లాసు మొత్తం కలిసి లెక్క పెట్టాలి. ఒకటి. రెండు. మూడు. అదొక ఆట. ఆ తర్వాత డిగ్రీ అయ్యేదాకా క్లాసులో నేను నోరు తెరవలేదు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేదాన్ని.

ఇది ఒక్క మనిషికే చెప్పాను. పెళ్లయిన కొత్తలో చిల్పూరు గుట్ట ఎక్కుతున్నప్పుడు. ఆయన మెట్టు మీద ఆగి, "నీ మాటే నాకు మంచిగనిపిస్తది" అన్నాడు. ఆ రోజు దేవుడికి ఏం మొక్కుకున్నానో గుర్తులేదు, ఈ మాట గుర్తుంది.

మంచిగనే అనిపించింది. అందరికీ పంచాడు.

ఆగస్టు 8, శుక్రవారం

అన్నం పెట్టి అడిగాను. "బుచ్చమ్మ ఎవరు?"

చేతిలో ముద్ద ఆగింది. భయపడతాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగింది. "చదివినవా? ఎట్లున్నది?"

"ఎవరు గామె?"

"ఉట్టిగ పెట్టిన పేరు. నీ పేరైతే పెట్టలే గద."

"మాట నాదే గద."

"గందుకే గద గంత మంచిగొచ్చింది! నీకెర్కనా సుభా, రోజు వందల మంది చదువుతున్నరు. బుచ్చమ్మ అంటే పానం ఇస్తున్నరు."

"నన్ను జూసి నవ్వుతున్నరు."

"నిన్ను ఎవలు జూసిన్రు? మాటకు నవ్వుతున్నరు."

"ఆ మాట నా నోట్లెకెళ్లి రాలేదా?"

ఆయన ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. "నువ్వు దీన్ని గట్ల తీస్కుంటవనుకోలే. ప్రేమతోనే రాసిన" అన్నాడు. తర్వాత "మజ్జిగ పొయ్యి" అన్నాడు.

పోశాను. హన్మకొండ సంగతి నేను ఎత్తలేదు. గుర్తుండే ఉంటుంది. గుర్తుండి కూడా రాశాడా, మర్చిపోయి రాశాడా? ఏది అయితే బాగుండునో తేల్చుకోలేక తల నొప్పి పెట్టింది. మాత్ర వేసుకున్నాను.

కోపం లేదు. అలసటగా ఉంది.

ఆగస్టు 11, సోమవారం

రాసేటప్పుడు నాకు పుస్తకాల భాషే వస్తుంది. దాన్ని నోటితో అంటే సరిపోతుంది కదా.

పొద్దున ఆయన లేవగానే, "మీకు కాఫీ ఇమ్మంటారా, టీ ఇమ్మంటారా?" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఎవరైనా వచ్చారేమోనని.

భవ్య జడ వేయించుకుంటూ నెమ్మదిగా అడిగింది. "అమ్మా, మనింటికి చుట్టాలొచ్చిన్రా?"

"లేదమ్మా. తల కదిలించకు."

ఆగస్టు 14, గురువారం

అరుణ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "పానం మంచిగ లేదా ఏంది? టీవీల వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నవ్."

"బాగానే ఉన్నాను, అరుణా."

"బాగనే ఉన్నావట!" అని నవ్వబోయి ఆగిపోయింది. జాకెట్టు కొలత తీసుకోకుండానే వెళ్లిపోయింది.

అరుణతో ఇలా మాట్లాడాల్సిన పని లేదు. కానీ ఆయనతో ఒకలా, మిగతావాళ్లతో ఒకలా అంటే నోరు తడబడుతోంది. ప్రతి మాటా ముందు మనసులో కూర్చుకుని తర్వాత పలకాలి. అందుకని తక్కువ మాట్లాడుతున్నాను. తక్కువ మాటలతోనే ఇల్లు నడుస్తుందని తెలిసింది. అన్నం అయింది. నీళ్లు వస్తున్నాయి. కరెంటు లేదు.

ఆగస్టు 20, బుధవారం

ఇంట్లో ఉన్న నిమ్మకాయలన్నిటికీ మేకులు, రాగి తీగలు గుచ్చి వరసగా కలిపాడు. చిన్న ఎర్ర లైటు వెలిగింది. వెలిగించి లైటును చూడలేదు, నన్ను చూశాడు. బస్సు కోసం నిలబడ్డవాడు రోడ్డు చివరికి చూసినట్టు.

"మీరు నిమ్మకాయలన్నీ వాడేశారు. రేపు పులిహోర చేయడం కుదరదు" అన్నాను.

ఆయన ఇంకా కాసేపు నిలబడ్డాడు. "గంతేనా?" అన్నాడు.

"అంతే."

లైటు ఆరిపోయింది.

ఆగస్టు 28, గురువారం

నేను మాటలు ఇవ్వకపోతే ఆయనే తయారు చేసుకుంటున్నాడు. ఈ రోజు కొత్తది చూశాను. నిమ్మకాయల లైటు చూసి బుచ్చమ్మ చేతులు జోడించిందట. "గిదేందయ్యా, గింత గనం ఎలుగుతాంది, నీ బాంచెన్!" అందట.

నీ బాంచెన్.

నేను పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనలేదు. మహబూబాబాద్‌లో మా అవ్వ అనలేదు. ఆమెను కన్న తల్లి అనాల్సి వచ్చిందేమో తెలియదు. 'నీ బానిసను' అని దొరల గడీల ముందు నిలబడ్డవాళ్లను కొట్టి అనిపించిన మాట. అది ఆయనకూ తెలుసు.

దాని కింద ఎప్పటికంటే ఎక్కువ వ్యాఖ్యలు ఉన్నాయి.

సెప్టెంబర్ 3, బుధవారం

వాన. బట్టలు ఆరలేదు. మాట్లాడలేదు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం చుట్టాలు వస్తున్నారట. చుట్టాలంటే చుట్టాలు కాదు, బ్లాగు చదివేవాళ్లు. పృథ్వీ అని, చెల్పూరులో కడుతున్న కరెంటు ప్లాంటులో ఇంజనీరు. ఆయన భార్య ప్రత్యూష. ఇద్దరిదీ కృష్ణా జిల్లా. ఇంకొకాయన గోపాల్ అని హైదరాబాద్ నుంచి వస్తాడట, ఆయనకూ ఒక బ్లాగు ఉందట. పెద్ద ప్రయోగం కళ్లారా చూడాలట.

"ఏం వండమంటారు?" అని అడిగాను.

"నీకేది తోస్తే గది" అన్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాడు. "సుభా, గా ఒక్క రోజు… మామూలుగ మాట్లాడవా? వాళ్లు నీకోసమే వస్తున్నరు."

"నేను మామూలుగానే మాట్లాడుతున్నాను."

ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పెద్దవాడైపోయినట్టు కనిపించాడు. ఆ క్షణంలో ఒప్పుకుందామనిపించింది. ఒప్పుకోలేదు.

సెప్టెంబర్ 23, మంగళవారం

రెండు రోజులుగా పెన్ను పట్టలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆదివారం పదకొండింటికి వచ్చారు. మంచివాళ్లే. ప్రత్యూష నా చేతికి పూతరేకుల డబ్బా ఇచ్చి, "మీ గురించి రోజూ మాట్లాడుకుంటాం అక్కా" అంది. నిజంగానే సంతోషంగా అంది. గోపాల్ అనే ఆయన మెడలో కెమెరా వేలాడేసుకుని ఇల్లంతా చూస్తున్నాడు. "ఇదేనా సజ్జ? ఇదేనా జాడీ?" అని గుడిలో విగ్రహాలను చూసినట్టు ఒక్కొక్కటీ అడిగి చూశాడు.

"కూర్చోండి. మంచినీళ్లు తీసుకోండి" అన్నాను.

గోపాల్ ముఖంలో ఏదో తగ్గింది. "అదేంటండీ, మాతో కూడా ఫార్మాలిటీనా? మా బుచ్చమ్మ గారిలా ఒక్క మాట అనండి!"

"భోజనం తర్వాత ప్రయోగమా, ముందా?" అని మా ఆయన్ని అడిగాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ముందే" అన్నాడు.

పెద్ద నూనె డబ్బా. తగరపుది. అడుగున కాసిన్ని నీళ్లు పోసి స్టవ్ మీద మరిగిస్తారు. ఆవిరి బాగా వచ్చాక స్టవ్ ఆర్పి, డబ్బా కిందికి దించి, మూత బిగించి, చల్లటి నీళ్లు పోస్తారు. బయటి గాలి నొక్కేసి డబ్బా దానంతట అదే నలిగిపోతుంది. చిన్న డబ్బాతో నాలుగైదుసార్లు చేసి చూశాడు, బాగానే నలిగింది. అటకెక్కించిన పాత స్టవ్ దించి, వంటింటి గుమ్మం దగ్గర పెట్టాడు, అందరికీ కనిపించాలని.

ఆవిరి వస్తోంది. ఆయన గాలి బరువు గురించి చెబుతున్నాడు. బాగా చెబుతాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎక్కడైనా లెక్చరర్ అయితే పిల్లలు ప్రాణం పెట్టేవాళ్లు. గోపాల్ "మూత బిగిస్తూ ఒక ఫొటో సార్" అన్నాడు. ఆయన గుడ్డ పట్టుకుని మూత బిగించాడు, కెమెరా వైపు చూస్తూ.

స్టవ్ మంట అలాగే ఉంది.

నేను గుమ్మానికి ఇవతల ఉన్నాను. మాట ముందు మనసులో కూర్చుకునే టైము లేదు. "స్టవ్ బంద్ జెయ్యలే! ఓ భవ్య నాయినా, ముందుగాల స్టవ్ బంద్ జెయ్యి! డబ్బ పేల్తది, జరుగు, దూరం జరుగు!"

నవ్వులు. పెద్ద పెట్టున నవ్వులు. గోపాల్ చప్పట్లు కొట్టాడు. "వచ్చేసింది! బుచ్చమ్మ వచ్చేసింది!" పృథ్వీ కూడా నవ్వాడు. ఆయన నా వైపు తిరిగాడు. పోయిన వస్తువు దొరికినవాడి ముఖంలా ఉంది ఆయన ముఖం. నవ్వుతున్నాడు. నేను భవ్యను రెక్క పట్టి వెనక్కి లాగాను. "నవ్వుతవేంది, జరుగుమంటే!" అని ఇంకా అరిచాను. ఇంకా నవ్వారు.

మూత ఎగిరి దూలానికి తగిలింది. ఆవిరీ, మరిగే నీళ్లూ ఆయన కుడి చేతి మీద, మెడ పక్కన కొట్టాయి.

ఆ తర్వాత కూడా ఒకరెవరో నవ్వుతూనే ఉన్నారు, ఒక్క క్షణం. అది కూడా ప్రయోగంలో భాగమనుకున్నారేమో.

మొదట కదిలింది ప్రత్యూష. బిందె ఎత్తి ఆయన చేతి మీద పోసింది, మళ్లీ నింపి మళ్లీ పోసింది. నేను స్టవ్ ఆర్పాను. అరుణ తన ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చి భవ్యను తీసుకుపోయింది. కట్టయ్య అన్న ఆటో స్టేషన్ దగ్గరే ఉంటుంది, పిలిపించాను. వరంగల్ దాకా నేను ఆయన చేతిని తడి గుడ్డలో పట్టుకుని కూర్చున్నాను. కట్టయ్య అన్న గుంత వచ్చినప్పుడల్లా "పైలం చెల్లె, పైలం" అంటున్నాడు. ఆయన పళ్లు బిగించి బయటికి చూస్తున్నాడు.

దవాఖానలో అడ్డం వచ్చిన ప్రతివాడితో కొట్లాడాను. చీటీ దగ్గర, బెడ్డు దగ్గర, మందు దగ్గర. ఏ భాషలో కొట్లాడానో గుర్తులేదు.

మోచేతి దాకా కాలింది. వేళ్లు కదులుతాయన్నారు. కంటికి ప్రమాదం తప్పింది.

సెప్టెంబర్ 26, శుక్రవారం

ఇంటికి తెచ్చాం. కట్టు మార్చేటప్పుడు ఆయన దిండు కొరుకుతాడు. అన్నం నేనే తినిపిస్తున్నాను. నోరు తెరుస్తాడు, మూస్తాడు. కళ్లు ఎత్తడు.

ప్రత్యూష ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "అక్కా, మీరు చెప్తానే ఉన్నారు. మేం వినలేదు. అది… మేము అలా అనుకోలేదు అక్కా."

"పర్లేదు" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. పర్లేదు కాదు. కానీ ఆ పిల్ల బిందె ఎత్తింది.

సెప్టెంబర్ 30, మంగళవారం

నెట్ సెంటర్ నేనే తెరుస్తున్నాను. జిరాక్స్ మిషనులో కాగితం ఇరుక్కుంటే తీయడం వచ్చింది. బతుకమ్మ ఆడడానికి అరుణ పిలిచింది, పోలేదు. కాళ్లు పీకుతున్నాయి.

అక్టోబర్ 1, బుధవారం

ఈ రోజు ఆయన కూడా సెంటర్‌కు వచ్చాడు. ఇంట్లో గోడలు చూడలేకపోతున్నానన్నాడు. మూల కంప్యూటర్ దగ్గర కూర్చుని ఎడమ చేత్తో మౌస్ కదిలిస్తున్నాడు. నేను ఒకాయనకు పట్టా పాస్‌బుక్ జిరాక్సులు తీస్తున్నాను. ఆయన చాలాసేపు కదలకుండా ఉండేసరికి, కళ్లు తిరుగుతున్నాయేమోనని పోయి చూశాను.

గోపాల్ బ్లాగు తెరిచి ఉంది. 'బుచ్చమ్మను కళ్లారా చూశాం' అని పైన. నా ఫొటో. నోరు తెరిచి, చెయ్యి చాచి అరుస్తున్నాను. కింద నేనన్న మాటలు ఒక్కటీ వదలకుండా రాశాడు. స్టవ్ బంద్ జెయ్యి. డబ్బ పేల్తది. జరుగు. చివర ఆయన త్వరగా కోలుకోవాలని కోరుకున్నాడు. దాని కింద వ్యాఖ్యలు. కెవ్వు. హహహ.

జిరాక్సులాయన వెళ్లిపోయాక ఆయన అడిగాడు. "పేలకముందే అన్నవా గిదంతా?"

"అన్న."

"నాకు ఇనపడలే."

"ఇనపడ్డది. నా మొకం జూసి నవ్వినవ్."

రైలు ఒకటి పోయింది. అది పోయేదాకా ఇద్దరం ఆగాం.

"ఇనపడ్డది" అన్నాడు. "నువ్వంటున్నవనుకోలే సుభా. బుచ్చమ్మ అంటున్నదనుకున్న."

ఆయన ఏడ్చాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో ముఖం మూసుకోవడం సరిగ్గా రాక, సగం ముఖంతో ఏడ్చాడు. షట్టరు సగం దించి వచ్చాను, ఎవరైనా వస్తారని.

"అన్మకొండల మేడమ్ లెక్కపెట్టించిందని జెప్పినవ్ గద, చిల్పూరు గుట్ట మీద" అన్నాడు కాసేపయ్యాక.

"యాదికున్నదా?"

"యాదికున్నది. రాసేటప్పుడు యాదికుండె. గిది గట్ల కాదు గద, నేను ఇష్టంతోని రాస్తున్న గద అనుకున్న."

ఇన్ని రోజులుగా ఆ ప్రశ్నకు జవాబు కావాలనుకున్నాను. వచ్చింది. వచ్చాక పెద్దగా ఏమీ కాలేదు. ఆకలేసింది.

"గోపాల్‌కు ఫోన్ జేసి ఫొటో తీసెయ్యమంట" అన్నాడు. అక్కడే నా ముందే చేశాడు. అవతల గోపాల్ ఏదో నచ్చజెబుతున్నాడు. ఈయన, "అది నా భార్య. బుచ్చమ్మ అని ఎవ్వలు లేరు. తీసెయ్యి" అని పెట్టేశాడు. తర్వాత నా వైపు చూసి, "మన బ్లాగు సుత తీసేద్దాం. మొత్తం. నా చెయ్యి రాదు, నువ్వే నొక్కు" అన్నాడు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఒక్క నొక్కు నొక్కితే పోతుంది. నొక్కబుద్ధి కాలేదు.

"మొత్తం ఎందుకు?" అన్నాను. "ప్రయోగాలు నీయి. ఉండనియ్యి. నా మాటలు నాకు ఇచ్చెయ్యి."

అక్టోబర్ 5, ఆదివారం

గోపాల్ ఫొటో తీసేశాడు. రాసింది మాత్రం ఉంచాడు.

మధ్యాహ్నాలు సెంటర్ ఖాళీగా ఉన్నప్పుడు మా పని జరుగుతోంది. ఒక్కొక్క పోస్టు తెరవడం, బుచ్చమ్మ ఉన్నచోట తీసేయడం, మళ్లీ బ్లాగులో పెట్టడం. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుంటాడు. 'నీ బాంచెన్' ముందు తీశాను.

బుచ్చమ్మ పోయాక చూస్తే ఏమీ మిగలడం లేదు. ఒక గాజు సీసా తీసుకోండి. అందులో వెనిగర్ పోయండి. రెండు రోజులు ఆగండి. అంతే.

"ఎవ్వలు చదవరు ఇగ" అన్నాడు. ఫిర్యాదుగా కాదు.

"భవ్య చదువుతది" అన్నాను.

అక్టోబర్ 8, బుధవారం

ఆయన ఎడమ చేత్తో తినడం నేర్చుకుంటున్నాడు. సగం కింద పడుతోంది. గచ్చు తనే తుడుస్తానంటాడు. తుడవనిస్తున్నాను. సరిగ్గా తుడవడు. తర్వాత నేను తుడుస్తాను.

చదివేవాళ్లు తగ్గిపోయారు. బుచ్చమ్మ గారు అలిగారా అని ఒకరిద్దరు అడిగారు. జవాబు రాయలేదు.

అక్టోబర్ 12, ఆదివారం

ఈ రోజు పటికబెల్లం ప్రయోగం తెరిచాను. పోయిన వేసవిది. పంచదార పాకంలో దారం వేలాడదీసి వారం రోజులు పెడితే దారానికి స్ఫటికాలు కట్టాలి. కట్టలేదు. వాటి బదులు చీమలు వచ్చాయి. వంటింట్లో, బీరువాలో, భవ్య బడి సంచిలో. అప్పుడు నేనన్న మాట రాసిపెట్టి ఉంది:

"నీ ప్రయోగమైతే కాలేదు గని, ఊర్లె ఉన్న చీమలన్నిటికి మనింటి అడ్రస్ ఎర్కయింది."

నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఎన్నాళ్లయిందో. ఆయన స్టూలు మీద బిగుసుకుపోయి కూర్చున్నాడు. పెదాలు గట్టిగా మూసుకుని తెర వంకే చూస్తున్నాడు. నవ్వితే ఏమవుతుందో తెలియని మనిషిలా. నేనూ నవ్వమనలేదు.

నవ్వు తగ్గాక కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"గదొక్కటి ఉంచరాదు?" అన్నాడు మెల్లగా. "గది నిజంగ మంచిగున్నది."

"నాకెర్కనే."

"మరి?"

"నాకు యాదికుంటది. నీకు యాదికుంటది. సాలు" అన్నాను.

తీసేశాను.

కరెంటు పోయింది. ఇంకా చాలా పోస్టులు ఉన్నాయి. రేపు చూడాలి.